ఫిన్లండ్‌లో ఫిన్‌హార్స్ పరుగు: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రం దౌడు తీస్తేనే పందెం. ఫిన్లండ్ హార్నెస్ రేసుల్లో దౌడందుకుంటే తప్పు. వెనక చిన్న రెండు చక్రాల బండి, అందులో కాళ్లు ముందుకు చాపుకుని కూర్చున్న డ్రైవర్. గుర్రం ట్రాట్‌లోనే పరుగెత్తాలి, అంటే ముందు కుడికాలు వెనక ఎడమకాలు ఒకేసారి, ఆ తర్వాత మిగతా రెండూ. ఆ లయ తప్పి దౌడులో పడిందా, డ్రైవర్ పగ్గం బిగించి మళ్లీ ట్రాట్‌లోకి తేవాలి. ఎక్కువ దూరం దౌడుతీస్తే ఆ గుర్రానికి పందెం పోయినట్టే.

ఈ పందేల్లో రెండు రకాల గుర్రాలుంటాయి. ఒకటి విదేశీ వార్మ్‌బ్లడ్ ట్రాటర్, సన్నగా, వేగంగా ఉంటుంది. రెండోది ఆ దేశపు సొంత జాతి, ఫిన్‌హార్స్. గట్టి ఎముక, దట్టమైన జూలు, నూటికి తొంభైకి పైగా ఎర్రని గోధుమ రంగు. ప్రయాణం పెట్టుకుని చూడవలసింది ఈ రెండోదాన్నే. ఈ గుర్రాల వంశావళి రాసిపెట్టే జాతి పుస్తకం 1907లో మొదలైంది. 1950ల్లో పొలాల్లో, అడవుల్లో దుంగలు లాగుతూ నాలుగు లక్షల దాకా ఉండేవి. ట్రాక్టర్లు వచ్చాక 1980ల నాటికి ఇరవై వేల లోపుకి పడిపోయాయి. ఇప్పటికీ ఇరవై వేల దగ్గరే ఉన్నాయి. జాతి మిగలడానికి ట్రాట్ పందేలే పెద్ద ఆసరా.

హెల్సింకిలో దిగినవాళ్లకు దగ్గర్లో ఉన్నది వెర్మో ట్రాక్, పక్క నగరం ఎస్పూ హద్దులో, లెప్పావారా స్టేషన్‌కు చేరువలో. ఎస్పూలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి కాబట్టి బంధువుల ఇంట్లో దిగేవారికి ఇది తేలిక. బుధవారం సాయంత్రాలు ఇక్కడ పందేలకు పేరు. అద్దాల గ్యాలరీ, భోజనాల హాలు, చలిలో కూడా హాయి. కానీ ఒక చిక్కు: పట్టికలో ఎక్కువ భాగం వార్మ్‌బ్లడ్‌లదే. వెళ్లే ముందు ఆ దేశంలో ట్రాట్ పందేలు చూసుకునే సంస్థ సుఒమెన్ హిప్పోస్ వారి వెబ్‌సైట్‌లో ఆ రోజు పట్టిక తెరిచి, ఏ పందెం పక్కన 'ఎస్‌హెచ్' అని ఉందో చూసుకోవాలి. అదే ఫిన్‌హార్స్ పందెం. అలాంటివి ఒకటో రెండో మాత్రమే ఉంటే ఆ రోజుకు వెర్మో వదిలేయడం మంచిది.

ఈ జాతిని తీరుబడిగా చూడాలంటే వేసవిలో జిల్లా ట్రాక్‌లే మేలు. వాటిలో ఫోర్సా ఊళ్లోని పిల్వెన్‌మాకిది మొదటి స్థానం, ఎందుకంటే గుర్రాల ఊరు యుపాయా దానికి ఇరవై కిలోమీటర్లే. హెల్సింకి నుంచి రెండో నంబరు హైవే మీద దాదాపు 110 కిలోమీటర్లు. ఫోర్సాకు రైలు లేదు, బస్సు ఉంది. అయితే పందేలు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతాయి కాబట్టి తిరుగు బస్సు వేళ ముందే చూసుకోవాలి. అది దాటితే టాక్సీ ఖర్చు బస ఖర్చును మించుతుంది. కారు అద్దెకు తీసుకుంటే సంధ్య వేళ అడవి అంచున దుప్పుల సూచన బోర్డులను తేలిగ్గా తీసుకోవద్దు.

చిన్న ట్రాక్‌లో కంచె పక్కనే నిలబడవచ్చు. పందేనికి అరగంట, గంట ముందే గుర్రాలు వార్మప్‌కు వస్తాయి. అప్పుడు ముక్కుపుటాల శబ్దం కూడా వినిపిస్తుంది. స్టార్ట్ దగ్గర నిలబడితే ఇంకా బావుంటుంది. కారుకు రెక్కల్లా గేటు బిగించి, దాని వెనక గుర్రాలను వరసలో పరుగెత్తిస్తూ వదిలేది ఒక పద్ధతి. రెండోది వోల్ట్ స్టార్ట్: గుర్రాలు గుండ్రంగా తిరుగుతూ మాట వినగానే గీత మీదికి మళ్లాలి. బలమైనవాటిని 20 మీటర్లు, 40 మీటర్లు వెనక నుంచి వదులుతారు. మలుపులోనే తొందరపడి దౌడులో పడేవి ఇక్కడే ఎక్కువ. కొత్త చూపరికి ఈ జాతి స్వభావం, డ్రైవర్ చేతి నేర్పు ఒకేచోట కనిపించేది ఇక్కడే.

పట్టికలో అంకెలు తికమక పెడతాయి. '26,4' అంటే కిలోమీటరుకు 1 నిమిషం 26.4 సెకన్లు, నిమిషం రాయరు. పక్కన 'ఎ' ఉంటే కారు స్టార్ట్ సమయం. 'ఎక్స్' ఉంటే దౌడులో పడిందని. ఫిన్‌హార్స్‌కి 1 నిమిషం 20 సెకన్ల లోపు అంటే మేటి గుర్రం. ఈ జాతి నిదానంగా ఎదుగుతుంది, పదహారేళ్ల దాకా పందెంలో పాల్గొనవచ్చు.

యుపాయాలో ఈక్వైన్ కాలేజీ ఉంది. అక్కడ బస కూడా దొరుకుతుంది. సాదా గదులే, కానీ పొద్దున్నే లేచి గుర్రాలను చూడాలనుకునేవారికి ఫోర్సా హోటల్ కంటే అదే నచ్చుతుంది. లాయంలోకి ఎవరినీ అడగకుండా వెళ్లకూడదు. పోతు గుర్రాలుంటాయి, రోగాల భయమూ ఉంటుంది.

ఇక ఫిన్‌హార్స్‌లలో మేటి ఏదో తేల్చే రాజ, రాణి పందేలు. వేసవి చివర రెండు రోజుల పండగ, ఏటా వేరే ఊళ్లో. రాజపందెం 1924లో లాహ్తిలో మొదలైంది, రాణిపందెం 1948లో. పోతులకు కిరీటం వేరు, ఆడగుర్రాలకు వేరు. 1609, 2100, 3100 మీటర్ల మూడు పరుగులు, మొత్తం సమయం తక్కువైనదే గెలుపు. ఈ గుర్రాల పట్టుదల మూడో పరుగులోనే తెలుస్తుంది. అయితే మొదటిసారి వెళ్లేవాళ్లు దీనితోనే మొదలుపెట్టొద్దు. జనం వేలల్లో వస్తారు, కంచె దగ్గర చోటు దొరకదు, ఆ ఊరి హోటళ్లు నెలల ముందే నిండుతాయి. దొరక్కపోతే గంట దూరంలోని ఊళ్లో గది తీసుకోవాలి, లేదా ట్రాక్ పక్కన కారవాన్ మైదానంలో చోటు పట్టాలి. కళ్లకు గంత తీసుకెళ్లండి, ఆ కాలంలో రాత్రి చీకటి పెద్దగా ఉండదు.

తిండి విషయంలో జాగ్రత్త. బఠాణీ సూప్ చూడడానికి మన పప్పులాగే ఉంటుంది, కానీ అందులో పంది మాంసం వేస్తారు. సాసేజ్‌లలో పంది, గొడ్డు మాంసం కలిసి ఉంటాయి. శాకాహారులకు పల్చని పాన్‌కేక్‌లు, ఏలకుల వాసన వచ్చే పుల్లా రొట్టె, కాఫీ, జులైలో సంచుల్లో అమ్మే పచ్చి బఠాణీ కాయలు. ఇవి చాలకపోతే పులిహోర డబ్బా వెంట ఉంచుకోండి.

చలికాలంలోనూ పందేలు ఆగవు. గుర్రాల లాడాలకు మంచు మీద జారకుండా ఇనుప మేకులు బిగిస్తారు. గట్టిపడిన ట్రాక్ మీద అవి కరకరమంటూ రావడం వేసవిలో వినపడని శబ్దం. చూసేవారికి మాత్రం ఉన్ని లోపలి బూట్లు, రెండు జతల సాక్స్ ఉండాల్సిందే. కంచె పక్కన అరగంట నిలబడితే ముందు చల్లబడేవి పాదాలే.