కళ్లద్దాలు కొనడానికి ఇచ్చిన కెమెరా అనుమతి: కొనుగోలుదారులకు హెచ్చరిక

ఆన్‌లైన్‌లో కళ్లద్దాలు కొనేవారికి ఈ విషయం తెలియాలన్న ఉద్దేశంతో రాస్తున్నాను. నేను కొన్న వెబ్‌సైట్‌లో ఏ ఫ్రేము ముఖానికి నప్పుతుందో కెమెరాలో చూసుకునే సౌకర్యం ఉంది. బ్రౌజర్ అనుమతి అడిగితే ఇచ్చి, ఫ్రేము ఎంచుకుని, డబ్బు చెల్లించాను. తరువాత ఆర్డరు ఎంతవరకు వచ్చిందో చూద్దామని అదే సైటు తెరవగా, ల్యాప్‌టాప్ కెమెరా పక్కనున్న చిన్న లైటు వెలిగింది. ట్యాబ్ మీద ఎర్రటి చుక్క కూడా కనిపించింది. పేజీలో ఆర్డరు వివరాలే తప్ప వీడియో ఎక్కడా లేదు. ట్యాబ్ మూయగానే లైటు ఆరిపోయింది, మళ్లీ తెరిస్తే మళ్లీ వెలిగింది.

కస్టమర్ కేర్ వారిని అడిగితే, "అనుమతి మీరే ఇచ్చారు కదా" అన్నారు. ఆర్డరు పేజీకి కెమెరాతో పనేమిటన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. నా దృష్టిలో ఇది కొనుగోలుదారు నమ్మకాన్ని దుర్వినియోగం చేయడమే.

బ్రౌజర్‌లో అనుమతి ఒక్క పేజీకో, ఒక్క పనికో పరిమితం కాదు. క్రోమ్‌లో సైటును సందర్శించినప్పుడల్లా అనుమతించేలా ఎంచుకుంటే, ఆ చిరునామా కింద ఉన్న ఏ పేజీ అయినా మళ్లీ అడగకుండానే కెమెరాను ఆన్ చేయగలదు. ఆ దృశ్యం మన కంప్యూటర్‌లోనే ఉంటుందా, వారి సర్వరుకు చేరుతుందా అన్నది బ్రౌజర్ మనకు చెప్పదు. 2015 చివరలో వచ్చిన క్రోమ్ 47 నుంచి హెచ్‌టీటీపీఎస్ (సైటుకూ మనకూ మధ్య వెళ్లే సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా చేసే పద్ధతి) లేని సైట్లకు కెమెరా అందడం లేదు గానీ, ఆ రక్షణ దారిలో ఇతరులు దృశ్యాన్ని దొంగిలించకుండా కాపాడుతుందే తప్ప, అవతలి సైటు నిజాయతీకి హామీ ఇవ్వదు.

అమ్మేవారు మంచివారే అయినా, పాత అనుమతిని అలా వదిలేయడం క్షేమం కాదు. 2020లో రయాన్ పిక్రెన్ అనే భద్రతా పరిశోధకుడు, ఆపిల్ వారి బ్రౌజర్ సఫారీలోని లోపాల వల్ల ఒక హానికర సైటు, వినియోగదారు అప్పటికే నమ్మిన స్కైప్ వంటి సైటులా నటించి కెమెరాను అందుకోగలదని నిరూపించారు. అందుకు ఆపిల్ ఆయనకు 75,000 డాలర్లు చెల్లించింది. ఆ లోపాలను సరిదిద్దారు. అయితే దాడికి ఆధారమైంది మాత్రం ఎప్పుడో ఇచ్చి వదిలేసిన అనుమతే.

కాబట్టి ఇలాంటి సైటు కెమెరా అడిగినప్పుడు "ఈసారికి మాత్రమే" అనే అర్థమిచ్చే ఎంపికనే నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే నిర్ణయాన్ని గుర్తుంచుకోమనే గడిలో టిక్ పెట్టకండి. ఇప్పటికే అనుమతి ఇచ్చినవారు, క్రోమ్‌లో చిరునామాకు ఎడమవైపున్న గుర్తును నొక్కి దానిని వెంటనే తొలగించండి. కెమెరాపై మూత పెట్టుకోవడం మంచిదే గానీ, మందపాటి మూతతో ల్యాప్‌టాప్ మూసేస్తే తెర పగిలే ప్రమాదం ఉంది. పైగా మూత మైక్రోఫోన్‌ను ఆపలేదు. సైట్లు తరచూ రెండింటినీ కలిపే అడుగుతాయి గనుక, అనుమతుల జాబితాలో మైక్రోఫోన్ వరుసను కూడా తప్పక చూడండి.