కారు ఏసీకి ‘గ్యాస్ అయిపోయింది’ అంటే ముందు లీకు చూపించమనండి

ఏసీ రిపేరుకి కారు ఇవ్వబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. విజయవాడలో ఒక కార్ ఏసీ షాపులో నాకు జరిగిందే రాస్తున్నాను. షాపు పేరు రాయను, ఎందుకంటే ఈ పద్ధతి ఆ ఒక్క షాపుదే కాదు.

రోహిణి కార్తెలో ఏసీ నుంచి వేడిగాలి మొదలైంది. నాన్నగారిని డయాలసిస్‌కి తీసుకెళ్లే కారు, ఏసీ లేకుండా కుదరదు. షాపువాడు గేజ్ తగిలించి “గ్యాస్ అయిపోయింది సార్” అని ఒక డబ్బా ఎక్కించి పంపాడు. అప్పటికి చల్లగానే ఉంది. వర్షాలు పడకముందే మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి “క్లచ్ ఎంగేజ్ అవ్వట్లేదు, కంప్రెసర్ పోయింది” అన్నాడు. కంప్రెసర్ అంటే గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు, ఈ క్లచ్ దాన్ని ఇంజిన్‌తో కలిపే భాగం. కొత్తదని చెప్పి ఒకటి బిగించి 19,000 తీసుకున్నాడు. అదీ నిలబడలేదు.

కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, కూలింగ్ కాయిల్ మధ్య అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. నెలల్లోనే ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు వెతక్కుండా గ్యాస్ ఎక్కించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

క్లచ్ సంగతి కూడా తెలుసుకోండి. గ్యాస్ బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆన్ అవ్వనివ్వదు. గ్యాస్‌తో పాటే ఆయిల్ తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ లేకుండా నడిస్తే కంప్రెసర్ పట్టేస్తుంది. అలా జరగకుండా కంపెనీ పెట్టిన రక్షణ అది. ఏసీ బటన్ నొక్కినా బానెట్ కింద క్లచ్ పట్టే ‘టక్’మనే శబ్దం రాకపోతే కంప్రెసర్ చచ్చిందని కాదు. గ్యాస్ తక్కువై ఉండొచ్చు, ఫ్యూజో రిలేనో పోయి ఉండొచ్చు. నా కారులో మొదటిసారి గ్యాస్ ఎక్కించగానే క్లచ్ పట్టింది, చల్లగాలి వచ్చింది. అందుకే నా పాత కంప్రెసర్‌కి ఏ రోగమూ లేదని గట్టిగా చెప్పగలుగుతున్నాను.

దీన్ని గేజ్ మీద మీరే చూడొచ్చు. మన ఎండల్లో ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు గేజ్‌లోని రెండు మీటర్లూ 100 పీఎస్‌ఐకి (ప్రెషర్ కొలత) అటూ ఇటూ చూపించాలి. 30 దగ్గరే ఆగితే లోపల గ్యాస్ లేనట్టే. ఏసీ నడుస్తుంటే తక్కువ ప్రెషర్ వైపు చూపే నీలం మీటరు సుమారు 30, 40 మధ్య, ఎక్కువ ప్రెషర్ వైపు చూపే ఎర్ర మీటరు 200 పైన ఉండాలి. కంప్రెసర్ తిరుగుతున్నా నీలం ఎక్కువగా, ఎర్ర తక్కువగా ఉండి రెండూ దగ్గరికి వచ్చేస్తుంటే అప్పుడు కంప్రెసర్‌ని అనుమానించాలి. నాకు మీటరు చూపించనే లేదు.

చివరికి మా బంధువులు చెప్పిన ఇంకో మెకానిక్ దగ్గర అసలు విషయం బయటపడింది. ఆయన లైన్లలో నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు కొట్టుకుంటూ వెళ్లాడు. బంపర్ వెనక కండెన్సర్‌కి పైపు కలిసే చోట దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు బయటికొచ్చిన ఆయిల్ మరక అది. సబ్బునీళ్లు పడగానే అక్కడ సన్నగా బుడగలు లేచాయి. విప్పి చూస్తే జాయింట్‌లో ఉండే రబ్బరు ఓ-రింగ్ అప్పడంలా అణిగిపోయి, ఒకపక్క చిట్లి ఉంది. కొత్త ఓ-రింగ్ ఖరీదు వంద రూపాయలు కూడా లేదు. గ్యాస్‌లోని తేమని పీల్చే డ్రయ్యర్ మార్చి, లోపలి గాలి, తేమ లాగేయడానికి అరగంటకు పైగా వాక్యూమ్ పెట్టి, అది నిలబడిందో లేదో చూసి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కనే కాటా మీద తూచి గ్యాస్ ఎక్కించాడు. అంతా కలిపి 4,000 లోపే. గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందట, అందుకే ఆ కాటా. షాపువాడు బిగించింది రంగేసిన రీకండిషన్డ్ (పాతదాన్ని బాగుచేసిన) కంప్రెసర్ అని కూడా ఆయనే చూపించాడు. పెయింట్ కింద పాత బోల్టుల గాట్లు కనబడుతూనే ఉన్నాయి.

కంప్రెసర్ మారిస్తే డ్రయ్యర్ కూడా మార్చాలి. మా షాపువాడు అది ముట్టుకోలేదు. మీ ఎస్టిమేట్‌లో డ్రయ్యర్, వాక్యూమ్ లేకపోతే అక్కడే అడగండి.

ఇంకో మాట. హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర వేడెక్కితే ముందు కండెన్సర్ ఫ్యాన్ చూపించండి. గాలే తక్కువ వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. బ్లోయర్ ఆఖరి స్పీడులో మాత్రమే తిరుగుతుంటే చాలా కార్లలో అది బ్లోయర్ స్పీడు తగ్గించే రెసిస్టర్ సమస్య. వీటిలో దేనికీ గ్యాస్ అక్కర్లేదు. కారు కింద నీళ్లు కారడం కూడా లీకు కాదు, కాయిల్ మీద పట్టిన తేమే అది. దాన్ని చూపించి భయపెట్టేవాళ్లూ ఉన్నారు.

బిల్లు మీద ‘కొత్త కంప్రెసర్’ అని, కంపెనీ పేరు, సీరియల్ నంబరుతో సహా రాయించుకోండి. మాట తేడా వస్తే 1915 కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. నేను ఫిర్యాదు పెట్టాను. నా పాత కంప్రెసర్ తిరిగివ్వమంటే “స్క్రాప్‌కి వేసేశాం” అన్నారు, ఇప్పుడు నా వైపు లేని సాక్ష్యం అదొక్కటే. మీరు మాత్రం విప్పిన ప్రతి పార్టూ డిక్కీలో పెట్టించుకున్నాకే డబ్బులివ్వండి.