స్క్రాంటన్ గూడ్సు లైను వెంట మూడు రోజులు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే తెలుగువాళ్ళకు పొరుగు రాష్ట్రం పెన్సిల్వేనియాలోని పోకోనో కొండలంటే పిల్లల నీటి ఆటల పార్కులు, శీతాకాలంలో మంచు మీద జారే చోట్లు మాత్రమే. అవే కొండల మీదుగా డెలావేర్-లక్కవానా అనే చిన్న గూడ్సు రైల్వే ఇప్పటికీ నడుస్తోందని, న్యూయార్క్ నుంచి స్క్రాంటన్‌కు మళ్ళీ ప్రయాణికుల బండి వేయాలన్న ఆలోచన ఆ గూడ్సు బండ్లు నిలబెట్టిన పట్టాల మీదే ఆధారపడి ఉందని మొన్నటి అక్టోబరు దాకా నాకూ తెలియదు. కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మా బాపు ఆరు నెలలకని మా ఇంటికి వచ్చి ఉన్నారు. శుక్రవారం సెలవు పెట్టి, ఆయనను, మా అబ్బాయిని తీసుకొని ఆ లైను వెంట మూడు రోజులు తిరిగి వచ్చాను. గూడ్సు బండ్లు చాలా వరకు పనిదినాల్లోనే నడుస్తాయి కాబట్టి, వాటిని చూడాలనుకునేవాళ్ళు శనివారం దాకా ఆగకుండా ఒక రోజు ముందే బయలుదేరడం మంచిది.

మేము మొదట ఆగింది స్క్రాంటన్‌కు ఆగ్నేయంగా ఉన్న మాస్కో అనే చిన్న ఊరిలో. అక్కడి పాత స్టేషను భవనాన్ని చక్కగా బాగుచేసి ఉంచారు, పట్టాలు దాని పక్కనుంచే పోతాయి. గూడ్సు బండికి అందరికీ చెప్పే వేళలంటూ ఉండవు గనుక రెండు గంటలు ఎదురుచూశాం. చివరికి లోయ వైపునుంచి చప్పుడు మొదలైంది, కాని బండి ఇంకా కంటికి కనబడలేదు. బెంచీ మీద కూర్చున్న మా బాపు లేచి నిలబడి, “గిది మన ఆల్కో ఇంజనే రా, చప్పుడు వింటె తెల్వదా?” అన్నారు. ఆయన మాట నిజమే. అమెరికాలో ఆల్కో కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ మానేసినా, ఈ చిన్న రైల్వే మాత్రం ఆ కుటుంబపు పాత ఇంజన్లనే ఏరికోరి తెచ్చుకొని, తన షెడ్డులో మరమ్మతు చేసుకుంటూ నడుపుతోంది. మన దేశానికి 1962లో ఆల్కో పంపిన, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లలో ఉన్నదీ ఇదే 251 రకం, పదహారు సిలిండర్ల యంత్రం. కాజీపేట షెడ్డులో మా బాపు చేతులకు ఏళ్ళ తరబడి మసి అంటించింది అదే. ఎగువకు లాగేటప్పుడు ఒక్కసారిగా పైకి లేచిన నల్లటి పొగను చూసి, ఇంజనులోకి గాలిని నెట్టే టర్బో వేగం అందుకునే లోపు డీజిల్ ఎక్కువ పడితే అలాగే వస్తుందని ఆయన మనవడికి వివరంగా చెప్పారు. బండి చివర గార్డు డబ్బా లేకపోవడం మాత్రం ఆయనకు నచ్చలేదు.

ఆ ఇంజను వెనక వచ్చినవన్నీ ధాన్యం నింపే, మూతలున్న తొట్టి వ్యాగన్లు. పోకోనో కొండల మీద ఒక పెద్ద పిండి మిల్లు ఉంది, ఈ లైనుకు ముఖ్యమైన సరుకు దానికి వెళ్ళే గోధుమలే. పెద్ద రైల్వేలు దూర ప్రాంతాలనుంచి తెచ్చి అప్పగించిన వ్యాగన్లను చివరి కొన్ని పదుల మైళ్ళు లాగి మిల్లుల్లో, గోదాముల్లో పెట్టి, ఖాళీవి తిరిగి అప్పగించడమే ఇలాంటి చిన్న రైల్వేల బతుకుతెరువు. డెలావేర్-లక్కవానా ఈ పని 1993లో మొదలుపెట్టింది. అయితే పట్టాలు దానివి కావు. కాన్‌రైల్ అనే పెద్ద సంస్థ వదిలించుకోవాలనుకున్న లైన్లను స్థానిక కౌంటీలు కొని, ఒక ప్రజా సంస్థ చేతిలో పెట్టి, బండ్లు నడిపే పనిని మాత్రం ప్రైవేటు కంపెనీకి అప్పగించాయి. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన సంగతి ఇదే. లాభం లేదన్న మాట విని ఆ రోజు పట్టాలను పాత ఇనుము కింద అమ్మేసి ఉంటే, ఇవాళ తిరిగి తెరవడం గురించి మాట్లాడుకోవడానికి అక్కడ ఏమీ మిగిలి ఉండేది కాదు.

బస విషయంలో ఒక రాత్రి పొరపాటు జరిగింది. హైవే పక్కన చవగ్గా దొరికిన ఒక హోటలులో దిగితే గదంతా సిగరెట్ల వాసన, రెండో అంతస్తుకు లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇలాంటివి ముందుగానే ఫోను చేసి కనుక్కోవాలి. రెండో రాత్రి స్క్రాంటన్ నడిబొడ్డులోని లక్కవానా స్టేషన్ హోటలుకు మారాం. ఖర్చు ఎక్కువైనా నాకు బాధ కలగలేదు. 1908లో కట్టిన రైల్వే స్టేషను అది. 1970 జనవరిలో చివరి ప్రయాణికుల బండి వెళ్ళిపోయాక మూతపడి, 1983 చివర హోటలుగా మారింది. అప్పటి విశ్రాంతి మందిరమే ఇప్పటి భోజనశాల. పైన రంగుటద్దాల కమాను కప్పు, గోడల చుట్టూ హోబోకెన్ నుంచి బఫెలో దాకా ఆ రైల్వే దాటిన దృశ్యాలను చిత్రించిన 36 పలకలు ఉన్నాయి. ఒక్కొక్క పలక ముందు ఆగి చూస్తే టీ చల్లారిపోతుంది. అయినా ఆగి చూడవలసిందే.

శనివారం ఉదయమంతా ఆవిరి ఇంజన్ల మ్యూజియమైన స్టీమ్‌టౌన్‌లో గడిపాం. జాతీయ పార్కుల శాఖ నడిపే ఈ చోటు 1995 నుంచి సందర్శకులకు తెరిచి ఉంది. ఇంజన్లను తిప్పే చక్రవేదిక, దాని చుట్టూ షెడ్డు, ఆవరణలో నిలబెట్టిన బిగ్ బాయ్ 4012 అనే భారీ ఆవిరి ఇంజను చూసి తీరవలసినవి. ప్రపంచంలో ఇలాంటివి తయారైనవే 25, మిగిలినవి 8. దూరపు ఊర్లకు వేసే ప్రత్యేక రైళ్ళు కొన్ని రోజుల్లోనే నడుస్తాయి. ఆ టికెట్లు ముందుగానే కొనుక్కోవాలి. మాకు దొరకలేదు. పక్కనే ఉన్న ట్రాలీ (ట్రాము బండ్ల) మ్యూజియం చిన్నదే గాని, అక్కడినుంచి లారెల్ లైను అనే పాత విద్యుత్ రైలు మార్గం మీద విద్యుత్ బండిలో తీసుకువెళ్ళే ప్రయాణం మాత్రం బాగుంది. సుమారు 4,700 అడుగుల సొరంగంలోకి బండి దూరినప్పుడు మా అబ్బాయి నా చెయ్యి వదలలేదు.

మధ్యాహ్నం మెక్‌డేడ్ పార్కులోని బొగ్గు గని చూశాం. 1966లో మూతపడిన గనిని 1985 నుంచి యాత్రికులకు చూపిస్తున్నారు. తొట్టి బండిలో 300 అడుగుల లోతుకు దింపి, అక్కడ అరమైలు దాకా నడిపిస్తారు. లోపల ఎండాకాలంలోనూ చలిగానే ఉంటుంది కనుక స్వెట్టరు తప్పనిసరి. నేల తడిగా ఉండడంతో బాపు పైనే ఉండిపోయారు. సింగరేణి బొగ్గు చూసిన కళ్ళకు ఇక్కడి ఆంత్రసైటు వేరుగా కనబడుతుంది: గట్టిగా, గాజులా మెరుస్తూ, పొగ తక్కువగా మండే రకం. ఈ ఊరికి ఇన్ని లైన్లు రావడానికి కారణం ఆ బొగ్గు, అవి మూతపడడానికి ఒక కారణం దాని గిరాకీ పోవడం. రాత్రి భోజనానికి పొరుగూరైన ఓల్డ్ ఫోర్జ్ వెళ్ళాం. అక్కడ పిజ్జాను దీర్ఘచతురస్రపు పళ్ళెంలో కాల్చి ‘ట్రే’ లెక్కన అమ్ముతారు. మాంసం తినని మాకు ఇబ్బంది కలగలేదు, రుచి కూడా మా వీధిలో దొరికేదానికంటే ఎంతో మేలు.

ఆదివారం తిరుగుదారిలో డెలావేర్ నది దాటి న్యూజెర్సీలోకి వచ్చాక అసలు తేడా తెలిసింది. పెన్సిల్వేనియా వైపు నదీతీరం దాకా పట్టాలున్నాయి. ఇవతల, 1911 డిసెంబరులో తెరిచిన 28.5 మైళ్ళ లక్కవానా కటాఫ్ మీద పట్టాలను 1984లో పెరికేశారు. పాత దారికంటే 11 మైళ్ళు తగ్గించడానికి కొండలు తొలిచి, లోయలు పూడ్చి, కాంక్రీటు వంతెనలు కట్టి వేసిన లైను అది. రాష్ట్రం ఆ భూమిని 2001లో కొన్నది. తూర్పు కొసన ఆండోవర్ దాకా 7.3 మైళ్ళ పునరుద్ధరణను 2011లో మొదలుపెట్టారు. దారిలో ఉన్న 1,024 అడుగుల రోజ్‌విల్ సొరంగాన్ని బాగుచేయడమే అందులో పెద్ద పని. మిగతా దూరం కూడా వేస్తే న్యూయార్క్–స్క్రాంటన్ మధ్య రోజుకు మూడు జతల బండ్లను మూడు గంటల లోపు ప్రయాణంతో నడపవచ్చని దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ అధ్యయనం లెక్కగట్టింది. 2023 డిసెంబరులో ఫెడరల్ ప్రభుత్వం ఈ మార్గాన్ని తాను అభివృద్ధి చేయదలచిన ప్రయాణికుల రైలు మార్గాల (కారిడార్ల) జాబితాలో చేర్చుకుంది. యుద్ధకాలంలో పట్టాలు పీకేసిన కాకినాడ–కోటిపల్లి లైనును 2004లో మళ్ళీ తెరిచిన సంగతి బాపు గుర్తుచేశారు. నా లెక్కలోనూ ఇది తెరుచుకోవలసిన లైనే. న్యూజెర్సీలోని డోవర్ చుట్టుపక్కలనుంచి రోజూ కారులో గంటల తరబడి వెళ్ళివచ్చే మన కుటుంబాలు చాలా ఉన్నాయి.

హేన్స్‌బర్గ్ దగ్గర పాలిన్‌స్కిల్ వంతెన 1,100 అడుగుల పొడవు, 115 అడుగుల ఎత్తు. పైకి ఎక్కడం ప్రమాదం, ఎవరూ ప్రయత్నించకూడదు. కిందనుంచి పోయే నడకబాట మీదనుంచే పూర్తిగా కనబడుతుంది. ఆ బాట కూడా ఒకప్పటి రైలు కట్టే. బాపు అక్కడ అరగంట నిలబడి, ఏడు కమానులూ లెక్కపెట్టి, కాంక్రీటు పెచ్చులూడిన చోట్లను మనవడికి చూపిస్తూ, దీని మీద రెండు లైన్లు పోయేవన్న మాట నిజమేనా అని నన్ను రెండుసార్లు అడిగారు.