ఇంట్లో మూడు రాత్రులు, ల్యాబ్‌లో రెండు: స్లీప్ టెస్టులతో నా ఆరేళ్ల అనుభవం

ఆరేళ్లలో ఐదు రాత్రులు స్లీప్ టెస్టు చేయించుకున్నాను. మూడు ఇంట్లో, రెండు ల్యాబ్‌లో. రెండింటిలో ఏది నయం అని అడిగినవాళ్లకి నేను చెప్పే మాట ఒక్కటే. ఇంటి టెస్టులో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే జబ్బు, ఉందని వస్తే నమ్మండి, వైద్యం మొదలుపెట్టండి. లేదని వస్తే మాత్రం అక్కడితో ఊరుకోకండి. నేను ఊరుకున్నాను. ఏడాదిన్నర వృథాగా పోయింది.

నాకప్పుడు 49 ఏళ్లు. నెలసరి ఆగిపోయే రోజులు. రాత్రి మధ్యలో మెలకువ, పొద్దున లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా ఒళ్లు బరువు. గురక పెద్దగా లేదు. వయసుతో వచ్చే మార్పులే అనుకున్నాను, చూసిన డాక్టరు కూడా అదే అన్నారు. అసలు సంగతి కనిపెట్టింది మావారు. "తెల్లవారుజామున నీ ఊపిరి ఆగిపోతోంది. కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా పీలుస్తున్నావు" అన్నారు. ఆ 'తెల్లవారుజామున' అన్న మాట ఎంత ముఖ్యమో నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు.

మొదట ఇచ్చింది ఇంటి టెస్టు కిట్టు. ఛాతీకి ఒక బెల్టు, దానికి చిన్న పెట్టె, ముక్కులో సన్నటి గొట్టం, వేలికి ఆక్సిమీటరు. అంతే. పెట్టుకోవడం పది నిమిషాల పని. మన మంచం, మన దిండు, మన చీకటి. ఇది నిజంగా పెద్ద సుఖం. కానీ మొదటి రాత్రి నిద్రలో ముక్కు గొట్టం ఊడిపోయింది. పొద్దున చూస్తే రెండున్నర గంటల రికార్డు మాత్రమే పనికొచ్చేది. కనీసం నాలుగు గంటలు సరిగ్గా రికార్డవ్వాలి కాబట్టి మళ్లీ చేయాల్సి వచ్చింది. రెండోసారి గొట్టాన్ని రెండు చెంపల మీదా టేపుతో అంటించుకున్నాను. మీరు మొదటి రాత్రే ఆ పని చేయండి.

రెండో రాత్రి రిపోర్టు బాగానే వచ్చింది. ఏడున్నర గంటల రికార్డులో 33 సార్లు ఊపిరికి అడ్డం. గంటకి 4.4. ఐదు లోపు మామూలు, 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాది 4.4 కాబట్టి ఆప్నియా లేదు, మీకున్నది నిద్రలేమి అన్నారు. నేనూ నమ్మాను.

తప్పు ఎక్కడుందో ఏడాదిన్నర తర్వాత, నిద్ర వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు తెలిసింది. ఆ రాత్రి ఎప్పుడెప్పుడు మెలకువగా ఉన్నానో నేను ఒక చీటీ మీద రాసుకున్నాను. పడుకున్నాక అరగంట నిద్ర పట్టలేదు. 1.10 నుంచి 2.25 దాకా మెలకువ. 5.15 తర్వాత ఇక నిద్రే లేదు. మొత్తం మూడు గంటలు. ఆ చీటీ చూసి డాక్టరు గారు అక్కడికక్కడే భాగించారు. 33ని ఏడున్నరతో కాదు, నిద్రపోయిన నాలుగున్నర గంటలతో. గంటకి 7.3. గీత దాటింది.

బెల్టు పెట్టెకి మెదడు తరంగాలు చదివే తీగలు ఉండవు. నేను నిద్రలో ఉన్నానో, కప్పు చూస్తూ పడుకున్నానో దానికి తెలియదు. రికార్డయిన సమయమంతా నిద్రే అన్నట్టు లెక్క కడుతుంది. హాయిగా నిద్రపోయేవాళ్లకి దీనివల్ల పెద్ద తేడా రాదు. నాలాగా నిద్ర పట్టనివాళ్లకే అంకె పలచబడిపోతుంది. నిద్ర సరిగ్గా లేదని టెస్టుకి వెళ్లినవాళ్లకే ఆ టెస్టు తక్కువ చూపిస్తుందంటే, ఆ విషయం కిట్టు చేతికిచ్చేటప్పుడే చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇంకో లోపం కూడా ఉంది. ఊపిరి పూర్తిగా ఆగకుండా, కనీసం పది సెకన్లు బాగా తగ్గితే దాన్ని హైపాప్నియా అంటారు. ఇంటి పరికరం దాన్ని లెక్కలో వేసుకోవాలంటే రక్తంలో ఆక్సిజన్ కూడా పడాలి. ల్యాబ్‌లో అయితే ఆక్సిజన్ పడకపోయినా, మెదడు ఒక్క క్షణం ఉలిక్కిపడి నిద్ర చెదిరినట్టు ఈఈజీలో, అంటే మెదడు తరంగాల రికార్డులో, కనిపిస్తే చాలు, లెక్కలోకి వస్తుంది. నాకున్నవాటిలో సగానికి పైగా అలాంటివే అని తర్వాత బయటపడింది.

ల్యాబ్ రాత్రి సుఖంగా ఉంటుందని నేను చెప్పను. టెక్నీషియన్ అమ్మాయి టేపుతో నా తల కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, పేస్టుతో తీగలు అంటించింది. కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద, ఛాతీ మీద కూడా. దాదాపు గంట పట్టింది. తర్వాత దీపం ఆర్పి, పక్క గదిలోంచి మైకులో చెప్పింది: కళ్లు పైకి, కిందికి తిప్పండి, పళ్లు బిగించండి, ఎడమ పాదం ఆడించండి. తీగలన్నీ పనిచేస్తున్నాయో లేదో అలా చూసుకుంటారు. పైన కెమెరా. అవతల ఎవరో చూస్తున్నారని తెలిసి నిద్రపోవడం కష్టమే. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర చెడుతుందని పరిశోధకులు 1966లోనే రాశారు. తీగల వల్ల వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటాం, ఆ భంగిమలో ఆప్నియా పెరుగుతుంది. కాబట్టి ల్యాబ్ అంకె ఇంటి అంకె కన్నా కాస్త ఎక్కువ రావచ్చు. ఇది ల్యాబ్ వైపు లోపం, ఒప్పుకోవాలి.

అయినా రెండు గంటలప్పుడు నా వేలి సెన్సరు జారితే ఆ అమ్మాయి చప్పుడు చేయకుండా వచ్చి సరిచేసి వెళ్లింది. ఇంట్లో ఆ సాయం దొరకదు.

రిపోర్టులో, ఐదు గంటల పది నిమిషాల నిద్రలో 98 సార్లు ఊపిరికి అడ్డం. గంటకి 19. కలలొచ్చే నిద్రలో, అంటే రెమ్‌లో, గంటకి 41. ఆక్సిజన్ 84 శాతం దాకా పడింది. రెమ్ నిద్రలో గొంతు కండరాలు బాగా వదులైపోతాయి, ఆ నిద్ర ఎక్కువగా రాత్రి చివరి భాగంలోనే వస్తుంది. మావారు తెల్లవారుజామున చూసింది దాన్నే. ఇంటి టెస్టు రాత్రి 5.15 తర్వాత నేను మెలకువగానే ఉన్నాను కదా, దొరకాల్సిన చోట దొరకలేదు. ఆడవాళ్లలో ఇలా రెమ్‌లోనే ఎక్కువగా ఉండడం, గురక కన్నా నిద్రలేమి, అలసట పైకి కనిపించడం తరచుగా జరిగేదేనట. నెలసరి ఆగిన అక్కచెల్లెళ్లు ఎవరైనా దీన్ని చదువుతుంటే, మీ అలసటని చిన్నగా తీసేయకండి.

ల్యాబ్‌లో రెండో రాత్రి సిపాప్ ఒత్తిడి సరిచూడడానికి. సిపాప్ అంటే మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మెషిన్. 4తో మొదలుపెట్టి 9 దగ్గర ఆపారు. ఆప్నియా బాగా ఉన్నవాళ్లకి మొదటి రాత్రే సగంలో మెషిన్ పెట్టేస్తారు. నాది రాత్రి చివరికి గాని బయటపడలేదు కాబట్టి అలా కుదరలేదు. ఇప్పుడు చాలామందికి ఈ రెండో రాత్రి అవసరం పడదు, ఒత్తిడిని తనే సర్దుకునే ఆటో మెషిన్ ఇంటికే ఇస్తున్నారు.

మా అన్నయ్య కథ పూర్తిగా వేరు. గురక గోడ అవతలకి వినిపిస్తుంది, మెడ లావు, బీపీ, కూర్చుంటే కునుకు. అదే రకం బెల్టు కిట్టుతో ఒక్క రాత్రిలో గంటకి 46 వచ్చింది. పది రోజుల్లో మెషిన్ పెట్టుకున్నాడు. ల్యాబ్ గుమ్మం తొక్కే పనే పడలేదు. ఇంటి టెస్టు సరిగ్గా ఆయనలాంటివాళ్ల కోసమే. అనుమానం బలంగా ఉండి, వేరే పెద్ద జబ్బులు లేనివాళ్ల కోసం. గుండె వైఫల్యం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, కండరాల బలహీనత, పక్షవాతం వచ్చి ఉండడం, ఓపియాయిడ్ నొప్పి మందులు ఎక్కువకాలంగా వాడడం, వీటిలో ఏది ఉన్నా నేరుగా ల్యాబ్‌కే వెళ్లాలి. అలాంటివాళ్లలో ఊపిరి ఆగడం గొంతు మూసుకుపోవడం వల్ల కాక, ఊపిరి తీసుకోమని మెదడు ఆదేశం ఇవ్వకపోవడం వల్ల కావచ్చు.

నా ఐదో రాత్రి పోయిన ఏడాది. తొమ్మిది కిలోలు తగ్గాక మళ్లీ ఇంట్లోనే, ఈసారి మణికట్టుకి, వేలికి పెట్టుకునే పరికరంతో. వేలి రక్తనాళాలు బిగుసుకోవడాన్ని చదివి ఊపిరి అడ్డాలని, నిద్ర సమయాన్ని కూడా అంచనా కడుతుంది. బెల్టు పెట్టె కన్నా నాకు ఇదే నచ్చింది. ముక్కులో ఏమీ ఉండదు, మెలకువ గంటల్ని చాలావరకు తీసేస్తుంది. గోరు రంగు, ఉంగరం ముందే తీసేయాలి. గుండె లయ ఎప్పుడూ తప్పేవాళ్లకి, ఆల్ఫా బ్లాకర్ మందులు (బీపీకి, ప్రోస్టేట్‌కి ఇచ్చే ఒక రకం) వాడేవాళ్లకి ఇది సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఇంకోటి, చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లకి వేలి ఆక్సిమీటర్లు ఆక్సిజన్‌ని అసలు కన్నా ఎక్కువ చూపించే వీలుంది. ఏ కిట్టు తీసుకున్నా ఇది గుర్తుంచుకోండి.

గంటకి 12 వచ్చింది. 19 నుంచి 12కి దిగినందుకు సంతోషమే, కానీ మెషిన్ మానేసేంత కాదు. ఇంకో ఐదు కిలోలు తగ్గాలని చూస్తున్నాను. తగ్గాక మెషిన్ ఆపొచ్చా అని మళ్లీ పరీక్ష చేయాలి. అప్పుడు నాకు కావాల్సింది 'ఇక లేదు' అన్న జవాబు. అందుకే ల్యాబ్‌లోనే చేయమని డాక్టరు గారిని ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.