ట్రైనీ ఏడాది కెనడా దరఖాస్తులో చెల్లుతుందా: ఒక కన్సల్టెంట్ సేవపై సమీక్ష

నైపుణ్యం ఉన్నవారిని పాయింట్ల ఆధారంగా శాశ్వత నివాసానికి ఎంపిక చేసే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ వేయబోయే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను తరచూ వేధించే సందేహం ఒకటుంది. కంపెనీలో చేరిన కొత్తలో జీతం తీసుకుంటూ ట్రైనీగా చేసిన పనిని అనుభవంగా చూపవచ్చా లేదా అన్నదే ఆ సందేహం. ఈ ఒక్క ప్రశ్నపై లిఖితపూర్వకమైన అభిప్రాయం కోసం, లైసెన్స్ ఉన్న ఒక ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌కు రుసుము చెల్లించాను. దరఖాస్తు బాధ్యత వారికి అప్పగించలేదు కనుక, ఆ అభిప్రాయం గురించీ వారు చేసిన పత్రాల పరిశీలన గురించీ మాత్రమే రాస్తున్నాను.

వారు నా హోదా సంగతి పక్కన పెట్టి, జీతం ఎలా అందేది, వారానికి ఎన్ని గంటలు పనిచేసేవారు, ఏ నెలలో ఏ పని చేశారు అని అడగడం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోని దారుల్లో ఒకటైన ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ విభాగం చూసేది కూడా సరిగ్గా వాటినే. గత 10 ఏళ్లలో, ఒకే ప్రధాన వృత్తిలో, కనీసం ఏడాది పాటు విరామం లేకుండా, వారానికి 30 గంటల లెక్కన 1,560 గంటలు వేతనంతో పనిచేసి ఉండాలి; ఆ వృత్తి కెనడా వృత్తుల వర్గీకరణ అయిన ఎన్ఓసీలో టీర్ (శిక్షణ, బాధ్యతల స్థాయి) 0, 1, 2, 3లలో ఏదో ఒకదానికి చెందాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్ లెక్కలోకి రాదు. జీతం ఇచ్చిన పనిని మాత్రం, నియామక పత్రంలో ట్రైనీ అని ఉన్నంత మాత్రాన తోసిపుచ్చరు.

అయితే జీతం పడితే చాలదు. ఎంచుకున్న ఎన్ఓసీ కోడ్ కింద తొలి వాక్యాలలో చెప్పిన పనులనూ, ప్రధాన విధులలో అధిక భాగాన్నీ నిజంగా చేసి ఉండాలి. 21232 కోడ్ కింద సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా చూపదలచుకుంటే, కోడ్ రాయడం, మార్చడం, పరీక్షించడం వంటివి ఆ కాలంలో జరిగి ఉండాలి. చేరిన మొదటి నెలల్లో పాఠాలు విని పరీక్షలు మాత్రమే రాసినవారు ఆ నెలలకూ జీతం తీసుకున్నారు, కానీ డెవలపర్ విధులు చేశారని చెప్పడం కష్టం. నా విషయంలో ఆ నెలలను వదిలేసి, ప్రాజెక్టులోకి వెళ్లిన తేదీ నుంచే అనుభవం చూపమనీ, వదిలేసిన నెలలను వ్యక్తిగత చరిత్రలో మాత్రం దాచకుండా రాయమనీ అభిప్రాయంలో స్పష్టంగా చెప్పారు. పాయింట్లు తగ్గే సలహాను డబ్బు తీసుకుని మరీ ఇచ్చారంటే, ఆ మేరకు నమ్మవచ్చుననిపించింది.

ఎందుకంటే ఆ నెలలనూ కలుపుకుందామన్న ఆశ పుట్టేది పాయింట్ల దగ్గరే. కెనడా భాషా ప్రమాణమైన సీఎల్‌బీలో 9వ స్థాయి ఉన్నవారికి ఒకటి రెండేళ్ల విదేశీ అనుభవానికి, అభ్యర్థులకు ర్యాంకు ఇచ్చే పాయింట్ల పద్ధతి సీఆర్ఎస్‌లో 25 అదనపు పాయింట్లు వస్తే, మూడేళ్లు నిండినప్పుడు అవి 50 అవుతాయి. ట్రైనీ నెలలు కలిపితేనే మూడేళ్లు నిండే వ్యక్తికి ఆ తేడా చిన్నది కాదు. కానీ డ్రాలో, అంటే ఎక్కువ స్కోరు ఉన్నవారిని ఎంచే విడతలో, దరఖాస్తుకు ఆహ్వానం వచ్చాక అధికారి ఆ నెలలను కొట్టివేసి, మిగిలిన స్కోరు ఆ డ్రా కటాఫ్ కన్నా దిగువకు పడితే దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది; తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అయిదేళ్ల నిషేధం కూడా పడవచ్చు.

పత్రాల పరిశీలన ఈ స్థాయిలో లేదు. అనుభవానికి రుజువుగా యజమాని ఇచ్చే లేఖలో లెటర్‌హెడ్, సంతకం, తేదీలు, వారపు గంటలు, వార్షిక జీతం, విధుల జాబితా ఉండాలన్న సూచన సరైనదే. పాత యజమాని లేఖను ముందే తెప్పించుకోమనడం మరీ మంచిది, ఎందుకంటే ఆహ్వానం తరువాత ఉండే గడువు 60 రోజులే. కానీ వారు పంపిన నమూనా లేఖలో విధులన్నీ ఎన్ఓసీ వాక్యాలను ఉన్నవి ఉన్నట్లుగా దించినవే. అలాంటి లేఖను చూసిన అధికారికి అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. దానిని పక్కన పెట్టి, నేను చేసిన పనులను నా మాటల్లో రాసి, పాత మేనేజర్ చేత సరిచూపించుకున్నాను.

కెనడాలో చదువులో భాగంగా చేసే కో-ఆప్ ఉద్యోగం గురించి అడిగినప్పుడు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పూర్తికాలపు విద్యార్థిగా ఉన్నప్పుడు చేసిన పని, జీతం వచ్చినా, కెనడాలో చేసిన పనిని లెక్కించే మరో విభాగమైన కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అర్హతకు పనికిరాదనీ, ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అర్హతకు మాత్రం ఇతర షరతులు తీరితే చూపవచ్చుననీ వివరించి ఉంటే బాగుండేది.

శిక్షణ, ప్రాజెక్టు పని కలగలిసిన కాలం ఉన్నవారికి ఈ తరహా అభిప్రాయానికి పెట్టే రుసుము సార్థకమే. చేరిన నాటి నుంచీ నేరుగా ప్రాజెక్టులోనే ఉన్నవారు కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తమ ఎన్ఓసీ విధులను ఓపికగా చదువుకుంటే సరిపోతుంది. ఎవరికి డబ్బు కట్టినా, ముందుగా వారి పేరు, కన్సల్టెంట్లకు లైసెన్స్ ఇచ్చే కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ బహిరంగ రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోవాలి.