మూడు నిమిషాల్లో ధైర్యం: వేషం కోసం వెళ్లేవారికి ఏ ఘట్టం మేలు?

సార్వా కోతలు పూర్తయి దాళ్వా నాట్లు ఊపందుకునేలోపు దొరికే కొద్దిపాటి తీరికలో, కోనసీమలోని మా ఊరి నాటక సమాజం పాత్రధారులను ఎంపిక చేసుకుంటుంది. ఈసారి వేయదలచినది అధికారానికి ఎదురు నిలిచిన మనుషుల నాటకం. వేషం కోరి వచ్చే ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన ఘట్టాన్ని మూడు నిమిషాల పాటు నటించి చూపాలి. ఆ తరువాత అప్పటికప్పుడు చేతికిచ్చిన ఒక పుటను చదవాలి. ఏ ఘట్టం తీసుకుంటే మేలని చాలామంది అడుగుతున్నారు. ఒకప్పుడు బల్లకు అవతల నిలబడి వణికినవాడిగా, కొన్నేళ్లుగా ఇవతల కూర్చుంటున్నవాడిగా నాకు తోచిన తారతమ్యాన్ని రాస్తున్నాను.

ఎక్కువమంది మనసు ముందుగా అల్లూరి సీతారామరాజు మీదికే పోతుంది. అందులో తప్పేమీ లేదు. ఆయన పూర్వీకుల ఊరు మోగల్లు భీమవరానికి దగ్గరలోనే ఉంది కనుక ఆయన మనవాడనే అభిమానం ఉండనే ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద జరిపిన దాడులు తలచుకుంటేనే రక్తం ఉరకలెత్తుతుంది. చిక్కంతా గొంతుతోనే వస్తుంది. ఆ పాత్ర పేరు వినగానే వెండితెర మీద విన్న గొంతు ప్రతివారి చెవిలోనూ మోగుతుంది. అభ్యర్థి దానిని అనుకరించినా నష్టమే, తప్పించుకోబోయినా నష్టమే. నా మొదటి ప్రయత్నంలో నేను ఎంచుకున్నదీ ఆ ఘట్టమే. రెండో వాక్యానికే స్వరం తారస్థాయికి వెళ్లిపోవడంతో ఇక పెంచడానికి ఏమీ మిగలక, చివరి నిమిషమంతా ఒకే కేకగా సాగింది. బల్ల దగ్గరున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ‘ఆయ్, బాగా అరిచారండి’ అన్నారు. ఆ మాటలోని వెటకారం నాకు ఇంటికి వెళ్లాక గాని తెలియలేదు.

గోదావరి జిల్లాల్లో పద్యానికి ఉన్న ఆదరణను నమ్ముకుని పద్యంతో వచ్చేవారు రెండో రకం. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరంలో ఉపన్యసించినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు భరతఖండాన్ని పాడియావుగా, భారతీయులను ఏడ్చే లేగదూడలుగా, తెల్లవారిని ఆ దూడల మూతులు బిగించి పాలు పితుక్కునే గొల్లవారిగా పోల్చి చెప్పిన పద్యం నేటికీ ఇక్కడి పెద్దవారికి కంఠస్థమే. ఇటువంటి నాటకానికి అది అతికినట్లే ఉంటుంది. అయితే పాడేవారు రాగం ఎత్తుకోగానే నటన పక్కకు తప్పుకుంటుంది. మేము గాత్రాన్ని మెచ్చుకుంటాము గాని, ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు ఆ మనిషి ఎలా వింటాడన్నది మాకు తెలియదు. పద్యం పాడదలచినవారు ఒక్క పాదంతో ఆపి, మిగిలిన సమయాన్ని వచనానికి ఉంచుకోవడం మంచిది.

టంగుటూరి ప్రకాశం పంతులు గారి ఘట్టం ఈ రెండింటికన్నా చాలా కఠినమైనది. సైమన్ కమిషన్ రాకకు నిరసనగా 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో హర్తాళ్ జరిగినప్పుడు పోలీసు కాల్పుల్లో ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడబోయిన ప్రకాశం గారిని తుపాకులతో అడ్డగించగా ఆయన రొమ్ము విరుచుకుని ముందుకు నడిచారు. రాజమహేంద్రవరం పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసినవారు, పైగా యౌవనంలో నాటకాల్లో వేషాలు కట్టినవారు కనుక మా సమాజంలో ఆయన పట్ల ప్రత్యేకమైన మక్కువ ఉంది. ఈ ఘట్టంలో చెప్పవలసిన మాటలు తక్కువ, చేయవలసిన పని ఒక్కటే: చొక్కా బొత్తాలు విప్పి తుపాకీకి రొమ్ము చూపడం. ఒకసారి టీషర్టుతో వచ్చిన యువకుడు లేని బొత్తాలను విప్పినట్లు అభినయించబోయేసరికి వెనుక బల్లల మీది పిల్లలు నవ్వారు. మరొకసారి నడివయసు రైతు ఒకరు చొక్కాతోనే వచ్చారు గాని, రెండో బొత్తం కాజాలో ఇరుక్కుపోయింది. ఆయన కంగారుపడి లాగలేదు; చూపును ఎదురుగా ఉన్న ఊహా తుపాకీ మీద నుంచి తిప్పకుండా, వేళ్లతో తడుముకుంటూ నెమ్మదిగా విప్పారు. ఆ కొన్ని క్షణాల పాటు హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. అటువంటి నిబ్బరం ఉన్నవారు మాత్రమే ఈ ఘట్టాన్ని తీసుకోవాలి. మాటల అండ కావలసినవారు దీని జోలికి పోకపోవడమే క్షేమం.

స్త్రీలకు, ముఖ్యంగా వయసు మళ్లినవారికి, దువ్వూరి సుబ్బమ్మ గారి ఘట్టం అందుబాటులో ఉంది. ద్రాక్షారామంలో పుట్టి, చిన్నతనంలోనే వైధవ్యం పొంది, సహాయ నిరాకరణోద్యమంలో 1922లో జైలుకు వెళ్లిన ఆమెను క్షమాపణ చెబితే విడిచిపెడతామన్నప్పుడు, ఆ పని తన కాలిగోరు కూడా చేయదని జవాబిచ్చారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆ మాటలో ఉన్న మొరటుదనమే దాని బలం. దానిని ఉపన్యాస ధోరణిలో సాగదీస్తే చప్పబడిపోతుంది. రేవులో బట్టలు ఉతుకుతూ పొరుగింటివారికి సమాధానం చెప్పినట్లు అనగలిగితే పండుతుంది.

నన్ను అడిగితే, అన్నిటికన్నా మేలైనది దుర్గాబాయి (తరువాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్) ఘట్టమే. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడిన ఆ పధ్నాలుగేళ్ల అమ్మాయి టికెట్ లేని కారణాన జవాహర్‌లాల్ నెహ్రూను లోపలికి వెళ్లనివ్వలేదు; నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చిన తరువాతే దారి వదిలింది. ఇందులో తుపాకీ లేదు, చెరసాల లేదు, ఎదుట ఉన్నవాడు శత్రువు కూడా కాడు. తనకు గౌరవం ఉన్న మనిషికే ‘కుదరదు’ అని చెప్పవలసి రావడం వల్ల అభ్యర్థి ముఖంలో బెరుకు, మొండితనం, మర్యాద ఒకేసారి కనిపించే అవకాశం దొరుకుతుంది. నిర్వాహకులు కసురుకున్నప్పుడు గొంతు తగ్గించాలా, పెంచాలా అన్న నిర్ణయం కూడా నటి చేతిలోనే ఉంటుంది. మాకు చూడవలసింది అదే. ధైర్యం గురించి మూడు నిమిషాలు మాట్లాడేవారు ఎంతమందైనా దొరుకుతారు. ఒప్పుకుంటే సుఖంగా గడిచిపోయే చోట ఒప్పుకోకుండా నిలబడడానికి ముందు మనిషి పడే తటపటాయింపును చూపగలిగేవారు అరుదు. దుర్గాబాయి ఘట్టంలో లోపం లేకపోలేదు: నెహ్రూగా ఎదుట నిలబడడానికి ఎవరినైనా వెంట తెచ్చుకోవాలి, లేదా మా కార్యదర్శి గారినే బతిమాలుకోవాలి. ఆయన ఏ పాత్రనైనా ఒకే తీరులో చదువుతారు.

అప్పటికప్పుడు చదివించే పుట గురించి పెద్దగా బెంగ అవసరం లేదు. అక్కడ తడబాటును లెక్కించము. వాక్యం అర్థమయ్యేదాకా ఆగి చదువుతున్నారా లేదా అన్నదే చూస్తాము.

నాయక పాత్ర కోసమే అందరూ వస్తున్నారు కనుక ఇంకొక మాట చెప్పాలి. ప్రకాశం గారి ఎదుట తుపాకీ పట్టుకున్నవాడికి కూడా ఒక మనసు ఉంది. కాల్చాలా, దించాలా అన్నది అతని కష్టం. సుబ్బమ్మ గారికి క్షమాపణ పత్రం చాచిన అధికారి కూడా సాయంత్రానికి ఇంటికి వెళ్లవలసినవాడే. అవే ఘట్టాలను ఆ వైపు నుంచి తయారు చేసుకుని వచ్చేవారికి పోటీ దాదాపు ఉండదు. ఎదుటివాడు దిట్టమైన నటుడైతే తప్ప నాయకుడి నిలకడ రక్తి కట్టదు కనుక మాకు వారి అవసరం ఎక్కువ. నిన్నటికి పందొమ్మిది మంది పేర్లు ఇచ్చారు. అందులో పదకొండు మంది అల్లూరి. పోలీసు అధికారి వేషానికి ఇంకా ఒక్కరూ పేరు ఇవ్వలేదు.