మా పర్లాకిమిడి రాత్రి బడి: చందా ఇచ్చేముందు ఇది చదవండి

మా పేట రామమందిరం వరండాలో పెద్దవాళ్ళకి రాత్రి బడి నడుస్తోంది. జీతాల్లేవు, బోర్డు లేదు, పేరు కూడా పెట్టుకోలేదు, అందరూ 'రాత్రి బడి' అనే అంటారు. మా అత్తగారు అందులో చదువుకుంటున్నారు. నేను నెలనెలా చందా ఇస్తాను, ఈమధ్య వాళ్ళ జమాఖర్చుల పుస్తకం రాసే పని కూడా తీసుకున్నాను. కాబట్టి చదువుకునేవాళ్ళ వైపు నుంచీ డబ్బిచ్చేవాళ్ళ వైపు నుంచీ చూసిందే రాస్తున్నాను. చందా ఎక్కడ ఇవ్వాలి, ఇస్తే దేనికి పోతుంది అని చాలామంది అడుగుతున్నారు, వాళ్ళ కోసమే ఇది. ఈ బడికి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

ఈ ఊళ్ళో ఇలాంటి బడి ఎంత అవసరమో బయటివాళ్ళకి కొంచెం చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో మా గజపతి జిల్లా అక్షరాస్యత 53 శాతం చిల్లర, అప్పటికి ఒడిశా మొత్తం మీద దాదాపు 73. దానికి తోడు మాకు రెండు లిపుల గొడవ. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగు, ఆఫీసు కాగితం మాత్రం ఒడియా. ఆటో ఎక్కి మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్తే అక్కడ బోర్డులన్నీ తెలుగు, తిరిగి మన బస్టాండుకి వస్తే ఒడియా. చదువుకున్నవాళ్ళకే ఒక్కోసారి తికమకగా ఉంటుంది, అక్షరం ముక్క రాని మనిషి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. మా అత్తగారు ఇన్నాళ్ళూ పలాస కూతురింటికి వెళ్ళాలంటే బస్టాండులో కనబడినవాళ్ళందరినీ "బాబూ, ఈ బస్సు ఎక్కడికెల్తాది?" అని అడుక్కోవాల్సిందే.

ఇక బడి సంగతి. వీళ్ళు చేసిన మొదటి మంచి పని, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి అ ఆ లు దిద్దించలేదు. "అప్పా, నీకు ఏటి సదవాలనుంది?" అని ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. ఒకరు బస్సు బోర్డు అన్నారు, ఒకరు గ్రూపు పొదుపు పుస్తకంలో తన పేరు ఎదురుగా ఎంత వేశారో చూసుకోవాలన్నారు, కూరలమ్మే ఒకావిడ అరువు పద్దు రాసుకోవాలంది, పెద్దాయన ఒకరు మందు సీసా మీద ఏముందో తెలియాలన్నారు, ఇద్దరు ముగ్గురు భాగవతం చదువుకోవాలన్నారు. ఎవరి కోరికని బట్టి వాళ్ళకి తెలుగో ఒడియానో మొదలుపెట్టారు. అంకెలు మాత్రం అందరికీ మొదటి రోజే, ఎందుకంటే ఫోన్ నంబరూ నోటూ బస్సు టికెట్టూ అన్నిట్లో అవే. కూరలమ్మే వాళ్ళకి నోటిలెక్క మనకన్నా బాగా వచ్చు, కిలో 35 అయితే ముప్పావు కిలో ఎంతో కళ్ళు మూసుకుని చెప్తారు, వాళ్ళకి రావాల్సింది దాన్ని కాగితం మీద పెట్టడమే. అది తెలిసి నేర్పుతున్నారు చూడండి, అది నాకు చాలా నచ్చింది.

పుస్తకాలతో మొదట్లో ఇబ్బంది పడ్డారు. ఎవరో దానంగా ఇచ్చిన వాచకాల్లో 'వ్యవసాయము', 'పరిశుభ్రత', 'ఆరోగ్యమే మహాభాగ్యము' లాంటి మాటలు. చదివించినా అవి వీళ్ళ నోట్లో ఎప్పుడూ లేని మాటలు, కూడబలుక్కుని చదివి కూడా ఏం చదివారో తెలియకపోతే మర్నాడు ఎవరొస్తారు? అందుకని వాటిని పక్కన పెట్టి అట్టముక్కల మీద వీళ్ళు మాట్లాడే మాటలే రాశారు. వరి, జీడి, చోడి, అంబలి, బావి, పింఛను, గ్రూపు, ఆటో. ఇది గిడుగు రామమూర్తి పంతులుగారు బతికిన ఊరు. 1880లో ఇక్కడికి మేస్టారుగా వచ్చి, ఇక్కడి గిరిజనులు సవరల భాష వాళ్ళ దగ్గరే నేర్చుకుని వాళ్ళ పిల్లలకి చదువు చెప్పించి, జనం మాట్లాడే తెలుగులోనే పాఠాలు ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన ఊళ్ళో పెద్దవాళ్ళ బడికి గ్రాంథికం వాచకం పెట్టి ఉంటే నాకు నిజంగా బాధగా ఉండేది. ఈ అట్టముక్కలు చేసిన కాలేజీ అమ్మాయికి ఎంత చెప్పినా తక్కువే.

పాఠం మనిషి బతుకులోంచి వస్తే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకి తెలియనిదేం కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో తమ బతుకుల మీద రాసిన పాఠాలు చదువుకుంటూనే దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు, అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది.

ఇప్పుడు డబ్బు విషయం. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

పెద్దల చదువుకి సాయం చేస్తామనేవాళ్ళు మొదట ఇచ్చేవి పలకలు. తర్వాత పేరు అచ్చేసిన సంచులు. పలకలు ఇప్పుడు రామమందిరం గదిలో అటక నిండా ఉన్నాయి, ఇంకో పదేళ్ళకి సరిపోతాయి. కానీ బడి మొదలైన కొత్తలో సగం మంది మానేశారు. మనసు లేదేమో, వయసైపోయింది కదా, బుర్రకెక్కదు అనుకున్నారు అందరూ, వాళ్ళు కూడా అదే అనుకున్నారు. మా అత్తగారు ఇంటికొచ్చి "నా వల్ల కాదే అమ్మా, అచ్చరాలు అలుక్కుపోతన్నాయి" అని పలక మూలన పెట్టేశారు. అప్పుడు వలంటీర్లలో ఒకబ్బాయికి అనుమానం వచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే స్నేహితుణ్ణి ఒక సాయంత్రం పిలుచుకొచ్చి అందరికీ చూపు పరీక్ష చేయించాడు. నలభై ఐదు దాటినవాళ్ళలో దాదాపు అందరికీ దగ్గరి చూపు లేదు!

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ మామూలే. చదువుకున్నవాళ్ళమైతే పేపరు దూరంగా పట్టుకోవాల్సి వచ్చిన రోజే తెలుసుకుని అద్దాలు వేయించుకుంటాం. అక్షరంతో పనే పడని మనిషికి అది తెలిసేదెలా? సూదిలో దారం ఎక్కకపోతే మనవరాలు ఎక్కిస్తుంది, బియ్యంలో రాళ్ళు కనబడకపోతే కోడలు ఏరుతుంది, అంతటితో సరి. పొలం కనబడుతోంది, బస్సు కనబడుతోంది, మనిషి కనబడుతున్నాడు, ఇంక చూపుకేం అనుకుంటారు. అలాంటివాళ్ళ ముందు నలభై వాట్ల బల్బు కింద పలక పెట్టి 'క' కి 'త' కి తేడా చెప్పమంటే ఏం చెప్తారు. వంద, నూటయాభై రూపాయల మామూలు రీడింగ్ గ్లాసులు పెట్టగానే మానేసినవాళ్ళలో చాలామంది వెనక్కొచ్చారు. శుక్లాలున్నవాళ్ళని విడిగా కంటి ఆసుపత్రికి పంపారు, వాళ్ళకి ఈ అద్దాలతో పని జరగదు. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొదట చదివింది కేలెండరు మీద కిరాణా కొట్టు పేరు. ఆ తర్వాత ఇంట్లో ఉప్పు పేకెట్టు, సబ్బు, గోడమీద పోస్టరు ఏదీ వదల్లేదు.

అందుకే చెప్తున్నాను, చందా ఇచ్చేవాళ్ళు ఏం ఇవ్వాలో ముందే తేల్చుకుని రాకండి. బడికి ఏం కావాలో అడగండి. ఇప్పుడు వీళ్ళ ఖర్చుల్లో పెద్దవి కళ్ళజోళ్ళు, మంచి వెలుతురిచ్చే ఎల్‌ఈడీ లైట్లు, కరెంటు పోతే వెలిగే ఛార్జింగ్ దీపాలు, టీ, ఇంకా ఊరి చివరి వీధుల నుంచి వచ్చే ఆడవాళ్ళకి తొమ్మిదింటికి ఇంటికెళ్ళే ఆటో. ఆటో ఖర్చు చూసి ఒకాయన "చదువుకి ఆటో ఎందుకండీ" అన్నారు. చీకట్లో నడిచి వెళ్ళాలంటే ఇంట్లో వాళ్ళు పంపరు కాబట్టి. ఆ ఆటో లేని నెలలో హాజరు ఎలా పడిపోయిందో పుస్తకంలో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

డబ్బు పోగుచేసే పద్ధతి కూడా బాగుంది, ఒక్కరి మీద ఆధారపడలేదు. కిరాణా కొట్లలో చిల్లర డబ్బాలు పెట్టారు. ఆదివారం ఆదివారం ఇంటింటికీ తిరిగి పాత పేపర్లు, అట్టపెట్టెలు తెచ్చి అమ్ముతారు, ఇది నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు. రథయాత్రకి బజ్జీలు, టీ కొట్టు పెడతారు, చదువుకునే ఆడవాళ్ళే వండుతారు, ధరల బోర్డు కూడా వాళ్ళే రాస్తారు. వచ్చిన ప్రతి రూపాయీ ఖర్చయిన ప్రతి రూపాయీ నెలాఖరుకి వరండా గోడమీద సుద్దతో రాస్తారు. ఆ గోడని చదవడం కూడా ఒక పాఠమే. ఒకసారి టీ పొడి లెక్క తేడా ఉందని పట్టుకున్నది కూరలమ్మే ఆవిడే, బడికొచ్చి ఏడాది కూడా కాలేదు.

ప్రభుత్వం వైపు నుంచి ఏమీ లేదా అంటే ఉంది. ఉల్లాస్ అని, 2022 నుంచి 2027 వరకు నడిచే కేంద్ర పథకం, పదిహేనేళ్ళు దాటిన చదువురాని వాళ్ళ కోసం. దానికింద పరీక్ష 150 మార్కులకి ఉంటుంది, చదవడం, రాయడం, లెక్కలు తలా 50. పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. కానీ ఆ పథకం నడిచేదే వలంటీర్ల మీద, చెప్పేవాళ్ళకి జీతం ఉండదు. అందుకే లైటు, అద్దాలు, ఆటో లాంటివి ఊరే చూసుకోవాలి. పరీక్ష రాయించినందుకు నాకు సంతోషమే. అరవై ఏళ్ళ మనిషి జీవితంలో మొదటిసారి హాల్లో కూర్చుని పేపరు రాసి రావడం చిన్న విషయం కాదు.

ఇంకొక విషయం చాలామంది పట్టించుకోనిది. సంతకం నేర్చుకుంటే సరిపోదు, బ్యాంకులో ఖాతా వేలిముద్రతో ఉంటే దాన్ని సంతకానికి మార్పించాలి. ఇది చేయకపోతే నేర్చుకున్న సంతకం ఇంట్లోనే ఉండిపోతుంది, డబ్బు తియ్యడానికి వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ ఇంకు డబ్బాయే. వలంటీర్లు ఆధార్, ఫోటో, పాసుబుక్కు తీసుకుని వెంట వెళ్ళి మార్పిస్తున్నారు. ఒక బ్యాంకులో "ఇప్పుడెందుకమ్మా, వేలిముద్ర బాగానే ఉంది కదా" అని తిప్పి పంపితే మర్నాడు మళ్ళీ వెళ్ళి చేయించుకొచ్చారు. 2024లో మొదలైన ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద 21 నుంచి 60 ఏళ్ళ మధ్య అర్హత ఉన్న ఆడవాళ్ళకి ఏడాదికి 10,000 రూపాయలు రెండు విడతలుగా ఖాతాలోకే వస్తున్నాయి. ఆ డబ్బు పడిందో లేదో, ఎంత ఉందో తనే చూసుకోగలగడం, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని తెలియడం, ఇవన్నీ ఇక్కడ నేర్పుతున్నారు. ఫోన్‌కి వచ్చే మెసేజీలు చాలావరకు ఇంగ్లీషులో ఉండటంతో అక్కడ మాత్రం ఆగిపోతున్నారు.

ఇక ఆ ఒక్క మార్కు. చెప్పేవాళ్ళు నిలవట్లేదు. ఎక్కువమంది కాలేజీ పిల్లలు, పరీక్షలప్పుడు మాయమవుతారు, చదువు అయిపోతే వైజాగో భువనేశ్వరో వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళకి ఒక మనిషి అలవాటు కావడానికే టైమ్ పడుతుంది, తప్పు చదివితే నవ్వదు అని నమ్మకం కుదిరిన అమ్మాయి వెళ్ళిపోతే కొత్తవాళ్ళ ముందు నోరు విప్పరు. రిటైరైన టీచర్లు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు, వాళ్ళని గట్టిగా అడగట్లేదు. రెండోది, కోతల రోజుల్లో బడి దాదాపు మూతపడుతుంది, తర్వాత మళ్ళీ మొదలుపెట్టేసరికి సగం మరిచిపోతున్నారు. కోతల నెలలో వారానికి ఒక్కరోజైనా తెరవాలని నా అభిప్రాయం. మగవాళ్ళు బాగా తక్కువ, భార్య ముందు తప్పులు చదవడానికి సిగ్గు, వాళ్ళకి విడిగా ఒక రోజు పెడితే వస్తారు. పరీక్ష పాసైనవాళ్ళకి తర్వాత చదువుకోవడానికి ఏమీ లేకపోవడం ఇంకో లోటు. పెద్ద అక్షరాల పుస్తకాలు, పాత వారపత్రికలు ఒక బీరువాలో పెడితే చాలు. చదవడం ఆపేస్తే వచ్చిన అక్షరం కూడా పోతుంది.

ఫోటోల గురించి కూడా చెప్పాలి. చందా ఇచ్చి, ఆ ముసలమ్మల చేతిలో పలక పెట్టి ఫోటో తీసుకుంటామని వచ్చేవాళ్ళున్నారు. దయచేసి అడగకండి. ఊళ్ళో అందరికీ తెలిసిన ఆవిడ, మనవలున్న ఆవిడ, చదువు రాదని ఫోటో వేయించుకోవాల్సిన అవసరం ఏముంది? బడివాళ్ళు మొదట్లో మొహమాటానికి ఒప్పుకునేవారు, ఇప్పుడు గట్టిగా వద్దంటున్నారు, మంచి పని.

చందా ఇచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సింది: ఇది రిజిస్టరైన సంస్థ కాదు, ఎయిటీ జీ రసీదు రాదు, పన్ను మినహాయింపు కోసమైతే వేరేచోట చూసుకోండి. చేతిరసీదు ఇస్తారు, గోడమీద పేరు రాస్తారు, వద్దంటే 'ఒక దాత' అని రాస్తారు. యాభై రూపాయలిచ్చినా రసీదు ఉంటుంది. ఊళ్ళో లేనివాళ్ళు డబ్బు పంపినా నెలాఖరున గోడ ఫోటో వాట్సాప్‌లో పెడతారు.

ఇప్పుడు వాళ్ళకి కావాల్సినవి ఒక ఇన్వర్టర్ బ్యాటరీ, ప్లస్ రెండు, రెండున్నర పవర్ కళ్ళజోళ్ళు, ఒడియా అట్టముక్కలు అందంగా రాసిపెట్టే మనిషి. అన్నిటికన్నా ముందు వారానికి రెండు సాయంత్రాలు, ఏడున్నర నుంచి తొమ్మిది దాకా, కనీసం ఏడాదిపాటు మానకుండా రాగలిగేవాళ్ళు ఇద్దరు. రిటైరైన మేస్టార్లు, మేడమ్‌లు ఎవరైనా ఇది చదువుతుంటే రామమందిరానికి ఒక్కసారి రండి, శనివారం తప్ప ఏ రోజైనా సరే.